పాయకవతల కాపురం

మా ఆయన వేసుకోని చొక్కాలు ఉతకడం ఏడాదిగా నా పని. వారానికి అయిదు, మాయని చొక్కాలే, నీళ్లలో ముంచి పిండి, రోడ్డుకు కనబడేలా తీగ మీద ఆరేస్తాను. చోద్యం కాకపోతే ఏమిటి!

జనాభా లెక్కలయ్యాక నియోజకవర్గాల పటం మళ్లీ గీశారు. కొత్త గీత మా పాయ నడిమధ్య నుంచి పోయింది. లూసియానా తీరాన ఉన్న మా చిన్న పట్నంలో మా ఇల్లు ఇవతల పడింది. పన్నెండేళ్లుగా మా ఆయన క్లోవిస్‌ను చట్టసభకు పంపుతున్న రొయ్యల పడవలవాళ్లంతా అవతల పడ్డారు. మళ్లీ పోటీ చెయ్యాలంటే ఏడాదిపాటు అవతల కాపురం ఉండి తీరాలి.

"ఆ దోమల్లో నావల్ల కాదు గానీ, నువ్వుండు ఒడీల్. నేనున్నట్టు ఉంచు, చాలు," అన్నాడు. పాయకవతల చిత్తడిలో గుంజల మీద నిలబెట్టిన ఇల్లొకటి అద్దెకు తీసుకున్నాడు. "పొయ్యి ఎక్కడుంటే ఆడదాని ఇల్లు అక్కడేగా. దానికింత ఆలోచనేంటే?" అంది అత్తగారు. అవును మరి, ఆవిడ పొయ్యి దోమల్లో లేదు.

ఉంచాను. మెట్ల మీద ఆయన బూట్లు, బల్ల మీద రెండు కంచాలు. కిటికీ దగ్గర కుర్చీకి కోటు తొడిగి, పైన టోపీ పెట్టేదాన్ని. "సెనేటర్ గారూ, భోంచేశారా?" అని పడవల్లోంచి కుర్చీని కేకేసేవాళ్లు. మొదట్లో నవ్వొచ్చేది. ఒక సాయంత్రం బెండకాయలు కొనుక్కుని వస్తూ మెట్ల కిందే ఆగిపోయాను. గోడవైపు తిప్పి పెట్టిన టోపీ రోడ్డువైపు తిరిగి ఉంది. గాలికే అయ్యుంటుంది అనుకున్నాను, కిటికీ మూసే ఉన్నా. ఆ రోజు నుంచి రెండో కంచంలో వడ్డించాక అటు చూడటం మానేశాను.

పక్కింటి యులాలీ ముసలమ్మకు ప్రతి శుక్రవారం రొయ్యలు, బెండకాయలు వేసి గంబో పులుసు కాచి ఇచ్చేదాన్ని. గిన్నె అందుకుని, నా భుజం మీదుగా కిటికీకేసి చూసి, "మీ దయ బాబూ!" అనేది. చూపు ఆనదు కాబోలు, పాపం అనుకున్నాను.

క్లోవిస్ అక్కడ ఉండటం లేదని ప్రత్యర్థి ఫిర్యాదు చేశాడు. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం కోర్టులో విచారణ. "అడిగితే అవునను. అంతే. కథలు చెప్పకు," అన్నాడు క్లోవిస్, నా వైపు తిరగకుండానే.

ముందు యులాలీని పిలిచారు.

"రోజూ చూస్తానయ్యా. కిటికీ దగ్గరే కూర్చుంటారు. చెయ్యి ఊపితే ఊపుతారు."

"ఆయన భార్య?" అని అడిగాడు జడ్జి.

"భార్యా? ఎవరూ లేరే! ఒంటరి మనిషి, పాపం. నాకు గంబో కూడా ఆయనే ఇస్తారు."

తర్వాత ఇద్దరు పడవలవాళ్లు వచ్చారు. వాళ్లూ అదే మాట. ఎవరి ముఖంలోనూ అబద్ధం లేదు. నా చేతులు చూసుకున్నాను. సబ్బుకు చర్మం పగిలి ఎర్రగా ఉన్నాయి. ఉన్నాయి కదా? ఇన్నాళ్లూ లేని మనిషిని ఉంచానే గానీ, ఉన్న మనిషిని ఎక్కడ పెట్టానో చూసుకోలేదు.

నన్ను పిలిచి ప్రమాణం చేయించారు. క్లోవిస్ ధీమాగా ఉన్నాడు. ఒక్క "అవును" అంటే ఆయన గెలిచినట్టే. నేను ఉన్నానని చెప్పడానికి ఇక ఎవరూ మిగలరు.

"మీ భర్త ఆ ఇంట్లో కాపురం ఉంటున్నారా?"

"లేదు. ఒక్కరాత్రి కూడా పడుకోలేదు. ఏడాదిగా అక్కడ ఉంటున్నది నేనొక్కదాన్నే."

"ఒడీల్!" అన్నాడు క్లోవిస్. వెనక బల్ల మీంచి యులాలీ కళ్లు చికిలించి, "ఎవరమ్మా ఆ మాట్లాడేది?" అంది.

"మీ పక్కింటిదాన్నండీ," అన్నాను, ఆమెకు వినబడేంత గట్టిగా.

నా మాట పొల్లుపోకుండా రాసుకున్నారు. సంతకం చేసి బయటికొచ్చాను. నామినేషన్లు తీసుకునే గది కింది అంతస్తులోనే ఉంది. అయిదింటిదాకా గడువు. ఏడాది కాపురం ఉన్నవాళ్లే పోటీ చెయ్యాలట. మెట్లు దిగి, నా పేరు రాయించడానికి వరసలో నిలబడ్డాను.