పదకొండో అంకె

సత్యారావుకి మనుషుల మీద అనుమానం, అంకెల మీద అభిమానం. కుమ్హారి ఊరి అవతల, ఒక ఫ్యాక్టరీ సొంత రైలు సైడింగులో వ్యాగన్ల నంబర్లు రాసే ట్రైన్స్ క్లర్కు. ప్రతి గూడ్సు వ్యాగన్ మీదా పదకొండంకెల సంఖ్య ఉంటుంది. మొదటి పదీ దాని జాతకం, పదకొండోది కాపలా. ఆ పదిలో సరిస్థానాల అంకెలు కూడి మూడింతలు చెయ్యాలి, బేసివి కలపాలి. ఆ మొత్తం తర్వాతి పదికి ఎంత తక్కువో అదే పదకొండోది. ఒక్క అంకె తప్పు రాసినా లెక్క తంతుంది. అందుకే వాకీటాకీలో విన్న నంబరుని ఆయన తిరిగి చదివి వినిపించడు. మనసులోనే కూడి, "చెక్కు చెదరలేదు" అంటాడు. మిగతావాళ్ళకది కూడిక, ఆయనకది వేడుక.

ఆ మధ్యాహ్నం వానలో, వ్యాగన్లు పరీక్షించే మేఘన ఒకదాని చక్రానికి పగులు చూసి వాకీటాకీలో నంబరు చెప్పింది. ఆమె పెట్టిన సుద్ద గుర్తు వానకి కరిగిపోయింది. సత్యారావు 12081421681 అని రాసుకున్నాడు. కూడితే డెబ్బై తొమ్మిది. ఎనభైకి ఒకటి తక్కువ, చివరి అంకె ఒకటే. దాన్ని బండి నుంచి తప్పించమని చీటీ ఇచ్చాడు. ఆ వ్యాగన్‌ని విడదీసి పక్క లైనులో పెట్టారు.

కాసేపటికి మేఘన వచ్చి దాని చక్రాల దగ్గర వంగింది. లేచి గబగబా సత్యారావు దగ్గరికొచ్చింది.

"బాబాయ్, ఏటిది? ఈ చక్రం ఠీక్ ఉంది! పగిలింది బండిలోనే ఉండిపోయింది!"

"కాదమ్మీ, లెక్క కుదిరింది కదా!"

"లెక్క కుదిరితే పగులు అతుక్కుంటాదేటి? నేను చెప్పింది ఆరు, ఒకటి. మీరు ఒకటి, ఆరు రాసేరు."

"అలా రాస్తే లెక్క తప్పాలి కదా!"

అవతల బండి కూత వేసింది. ముందున్నది ఖారున్ నది వంతెన. సత్యారావు మాత్రం చీటీ మీద మళ్ళీ కూడుతున్నాడు. ఆరు ముందుంటే ఎనభై తొమ్మిది. తొంభైకి ఒకటి తక్కువ. మళ్ళీ ఒకటే! ఒకటికీ ఆరుకీ తేడా ఐదు. అవి అటూ ఇటూ అయితే మొత్తం సరిగ్గా పది మారుతుంది. పది మారితే పదకొండోది పడుకునే ఉంటుంది.

"బాబాయ్, ముందు బండి ఆపండి!"

చక్రాలు కదిలాయి. సత్యారావు వాకీటాకీ అందుకున్నాడు. "ఉమేష్! రోకో! ఆపు!"

బండిలోని గార్డు ఉమేష్ విసుక్కున్నాడు. "క్లియరెన్స్ మీరే ఇచ్చేరు కదా సార్? ఎవరి తప్పని రాయమంటారు?"

ముప్పై నాలుగేళ్ళుగా ఆయన పేరు ఎదుట ఆ మాట ఎవరూ రాయలేదు. "నాది! ముందు బ్రేకు వెయ్యి, తరవాత పేరు రాయి!"

బండి మూలిగి ఆగింది. మేఘన పరుగెత్తి 12081426181ని పట్టుకుంది. పగులు వేలెడు పొడుగు సాగింది.

"బచ్ గయే బాబాయ్, గండం తప్పింది. కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. పొద్దుటి చీటీల కట్ట విప్పాడు. నాలుగోదాని మీద వేలు ఆగింది. అక్కడ మూడూ ఎనిమిదీ పక్కపక్కనే ఉన్నాయి, వాటికీ తేడా ఐదే. కంట్రోలుకి ఫోన్ చేశాడు.

"పొద్దుట మా దగ్గర్నుంచి వెళ్ళిన బండి ఎక్కడున్నాదండీ? వెంటనే ఆపించండి."

"ఏం, నంబరు తప్పిందా?"

"లేదు సార్, సరిగ్గా కుదిరింది. అందుకే భయం."