యర్రయ్య చెంచా

పెద్దదినం నాడు పొద్దున్నే పైడితల్లి తన అన్న సన్యాసి చేతిలో ఒక చెంచా పెట్టింది. ఒకప్పుడు అది తినే చెంచాయే. ఏదో ఓడ వంటింట్లోంచి దాన్ని సంపాదించిన ఆమె మొగుడు యర్రయ్య కాడ కోసి పారేశాడు. మిగిలిన గుంట భాగానికి రెండు కొసలా చిల్లులు పొడిచి, ఒక కొసకు తాడు, రెండో కొసకు మూడు ముళ్ల గాలం తగిలించాడు. నీళ్లలో అది తళుక్కుమంటే చిన్నచేప అనుకుని పెద్దచేప వచ్చి కొడుతుంది. బర్మా దేశంలో, యాంగోన్ నది ఒడ్డు బోటాటౌంగ్ రేవులో మూటలు మోయగా మిగిలిన పొద్దంతా దానితో చేపలు పట్టాడు. ఇప్పుడు యర్రయ్య లేడు. జ్వరం తగిలింది, ఊరంతా తిరిగినా మందు దొరకలేదు, మనిషి దక్కలేదు.

"బూడిదెట్టి తోమినాను," అంది పైడితల్లి. "మీ బావ అలాగే సేసీవోడు."

సన్యాసి చెంచా అటూ ఇటూ తిప్పి చూశాడు. బావ బతికుండగా ఈ చెంచాను ఎగతాళి చెయ్యని రోజు లేదు. "ఏటి బావా, సేపలకి అన్నం తినిపిస్తావేటి?" అని పదిమందిలో నవ్వేవాడు. ఇవాళ ఆ చెంచాయే గతి అయింది.

ఎందుకంటే ఆ ఇంటి ఆనవాయితీ అలాంటిది. పెద్దదినం, అంటే పోయినవాడి పెద్దకర్మ నాడు, పుట్టింటి మగవాడు తన చేత్తో పట్టిన చేప తెచ్చి చెల్లెలి ముందు పెట్టాలి. ఆ నీసు నోట పెట్టుకున్నాకే ఆమెకు మైల వదులుతుంది. కొన్న చేప పనికిరాదు. చేపకు వెళ్లేవాడి చేతికి అంతకుముందు నీసు అంటకూడదు కూడా. ఎర అంటే రొయ్య, రొయ్య కూడా నీసే కదా. కాబట్టి ఎర లేకుండా పట్టాలి. గంజాం నుంచి ఓడెక్కి వచ్చిన తాతలు ఏం ఆలోచించి పెట్టారోగాని, ఎర లేకుండా చేపను పట్టేది వల అయినా కావాలి, యర్రయ్య చెంచా అయినా కావాలి. వల సన్యాసికి చేతకాదు.

చేప దొరక్కపోతే ఏమవుతుందంటే, పైడితల్లి ఓడ ఎక్కదు. మిలిటరీ వాళ్లు దుకాణాలూ మిల్లులూ సర్కారువి చేసేశాక మనవాళ్లు గుంపులు గుంపులుగా విశాఖపట్నం ఓడలెక్కి పోతున్నారు. యర్రయ్య బతికుండగానే ఇద్దరి పేర్లూ రాయించాడు. కూతురు చిన్నతల్లిని ఏనాడో అక్కడి సంబంధానికే ఇచ్చారు. ఓడ ఎల్లుండి. మైలతో గంగమ్మ తల్లిని దాటకూడదని రేవు జనం నమ్మకం. దాటితే దాటినవాళ్లకే కాదు, ఓడలో అందరికీ చేటని పైడితల్లి భయం. ఈ ఓడ తప్పితే మళ్లీ ఎప్పుడో, అసలు ఉంటుందో ఉండదో ఎవరూ చెప్పలేరు.

సన్యాసి మాత్రం వెళ్లడు. పెళ్లాం మా ఖిన్ బర్మా పిల్ల, ఆమె ఊరూ వాడా అన్నీ ఇక్కడే. ఇక్కడ సన్యాసికి తన భాషలో కష్టం సుఖం చెప్పుకోవడానికి మిగిలింది ఈ చెల్లెలొక్కతే. ఆమెను ఓడ ఎక్కించే చేపను అతనే పట్టి తేవాలి. ఎవరితోనూ అనలేదుగాని, ఈ సంగతి అతని గుండెలో రాయిలా పడి ఉంది.

*

రేవు అంచున కూర్చోనివ్వడానికి సిపాయిలు ఒప్పుకోరు. యర్రయ్య వాళ్ల కంట పడకుండా పట్టేవాడు. రేవు చివర నీటిమీద తేలే పాత బల్లకట్టు ఒకటుంది. దానిమీద రేకుల కొట్టు. ఒకప్పుడు ఓడలకిచ్చే ఐసు దిమ్మలు అందులో పేర్చేవారు. ఐసు కరిగిన నీళ్లు పోవడానికి నేల బల్లల్లో పళ్లెమంత కంత కోశారు. ఐసు పోయింది, కంత మిగిలింది. ఆ కంత ముందు పీట వేసుకుని, చీకటి కొట్లో కూర్చుని, తాడు నిలువునా నదిలోకి వదిలేవాడు యర్రయ్య. కాపలావాడు ఊ సాన్ అతని నేస్తం. ఆ నేస్తం కోసమే ఇవాళ సన్యాసికి తలుపు తీశాడు.

యాంగోన్ నది నీరు ఊరికే ఉండదు. పోటుకు ఎగువకు, పాటుకు దిగువకు పరుగెడుతూనే ఉంటుంది. ఆ పరుగులో చెంచా నిలువుగా దిగదు, గడ్డిపోచలా కొట్టుకుపోతుంది. పోటూ పాటూ మారే మధ్య కాస్సేపు నీరు నిలబడుతుంది. పని జరిగితే అప్పుడే జరగాలి. అలాంటి వేళ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

పొద్దుటి వేళకు సన్యాసి చెంచా వదిలాడు. అడుగు బురదకు తగలగానే లేపాడు, దింపాడు, లేపాడు, దింపాడు. జట్టు పాటకు ఓడ తాళ్లు లాగిన చెయ్యి అది. పాట లేకపోయినా దానికి పాట తప్పదు. హైలెస్సా అన్నట్టు ఒకే వరసన, మధ్యలో సందులేకుండా లాగుతూనే ఉంది. రేవులో బతికినవాడు తప్ప ఇంకొకడు చెయ్యలేని పొరపాటు. మంత్రసాని కూడా అంత తొందరపెట్టదు. నీరు నిలిచింది, కదిలింది, చెంచా తళతళలాడుతూ ఒట్టిదే పైకొచ్చింది.

ఊ సాన్ గుమ్మంలో చుట్ట కాల్చుకుంటూ చూస్తున్నాడు. "సన్యాసీ, అవతలి ఒడ్డు దలా నుంచి వచ్చే సంపాన్ పడవల్లో చేపలుంటాయి. ఒకటి అడిగి తెస్తాను. నువ్వే పట్టానని చెప్పు, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు బర్మా భాషలో.

"మా చెల్లెలికి తెలుస్తుంది," అన్నాడు సన్యాసి, అదే భాషలో. "ముందు చేప నోరు తెరిచి చూస్తుంది. వల చేపకి నోట్లో గాయముండదు. చెంచాకి పడ్డదానికి పెదవి దగ్గరే ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ చేపలు కోసిన మనిషి."

ఊ సాన్ తలూపి, చుట్ట మళ్లీ నోట పెట్టుకున్నాడు.

మధ్యాహ్నమంతా సన్యాసి పచ్చిగంగ ముట్టకుండా ఆ పీటమీదే కూర్చున్నాడు. బావ ఎలా చేసేవాడో గుర్తు తెచ్చుకున్నాడు. ఎగతాళికి వచ్చి కూర్చున్న రోజులే ఇప్పుడు అక్కరకొచ్చాయి.

"అడుగు తగిలేదాకా వొదులు," అనేవాడు యర్రయ్య. "తగిలినాక జానెడు పైకి తీసి ఆపు. అప్పుడు మూరెడు లేపి దింపు. దింపడమంటే సెయ్యి వొదిలీడం కాదు. సెంచా ఎనకే సెయ్యీ దిగాల. తాడు బిగుసుకోకూడదు, వొదులవకూడదు. సెంచా పక్కలకి జారతా దిగతాది. సేప కొట్టేది అప్పుడే. దిగినాక ఊరుకో. ఊరుకున్నాక ఒక్కసారి, సలేసినట్టు వొణికించు. మళ్లీ ఊరుకో. లేపడం సేపని పిలవడానికి బావా. దించడం దాని నోటికి అందించడానికి. నీకు అన్నీ వొస్తాయి గానీ ఊరుకోడం రాదు."

ఇంకో మాట కూడా అనేవాడు. పండుగొప్ప చేప ఒకసారి తగిలి తప్పిపోతే భయపడి పారిపోదట. దానికి రోషం ఎక్కువ. చెంచా అక్కడే ఆడుతుంటే మళ్లీ వచ్చి కొడుతుందట. సన్యాసి అప్పుడు ఆ మాటకూ నవ్వాడు.

*

సాయంత్రం కంతలోంచి చూస్తుంటే నీటిమీద నురగ నడక తగ్గి, ఆగిపోయింది. సన్యాసి చెంచా వదిలాడు. అడుగు తగిలింది. జానెడు తీసి ఆపాడు. తాడును చూపుడువేలి మీదుగా వేసుకున్నాడు. మూరెడు లేపాడు. చెంచా వెంట చెయ్యి దింపాడు. ఊరుకున్నాడు.

ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చెయ్యి లాగమంటుంది. మనసు ఎక్కడెక్కడికో పోతుంది. ఎల్లుండి రేవులో సిపాయిలు చెల్లెలి మూట విప్పి చూస్తారు. ముక్కుపుడక కూడా ఉంచనివ్వరట. ఆ తర్వాత ఆమె మెట్లెక్కుతుంది. దీపాలకు నూనె ఉందా, నీ పిల్లకి దగ్గు తగ్గిందా అని అడిగే గొంతు ఇంక ఈ ఊళ్లో ఉండదు. చచ్చేదాకా తన భాష తనలోనే అనుకోవాలి. సన్యాసి కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ మూరెడు లేపి దింపాడు.

దిగుతున్న చెంచా దారిలో ఆగింది. తాడు వేలిమీద ఒక్కసారి మొద్దుబారినట్టయింది, వెంటనే బరువొచ్చింది.

చేప. ఇప్పుడు మణికట్టు ఒక్క విసురు విసిరితే చాలు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే, చెయ్యి కిందికి వాల్చాడు. తాడు వదులైంది. చేప తల విదిలించిన అదురు వేలికి తెలిసింది, తర్వాత బరువు పోయింది.

ఎవరూ చూడలేదు. ఊ సాన్ గుమ్మం అవతల ఉన్నాడు. చేప పడలేదని ఇంటికి పోయి చెబితే పైడితల్లి నమ్ముతుంది. ఓడ పోతుంది. చెల్లెలు ఉండిపోతుంది. ఇంత తేలిగ్గా అయిపోయే పనికి తానెందుకు ఇన్నాళ్లూ కుమిలాడో అనిపించింది.

అనిపించిందిగాని నిలవలేదు. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఆమె ఉప్పూ కారం లేని పిడికెడు అన్నంతో చీకటి గదిలో బతుకుతోంది. ఈ సాయంత్రం తప్పితే ఆ మైలలోనే ఉండిపోతుంది. గడప దాటదు, కూతురి మొహం చూడదు. ఉన్నా ఇలాంటి ఉండడం ఉంటుంది. తన ఒంటరితనం పోవడానికి చెల్లెల్ని ఆ చీకటి గదిలో కూర్చోబెట్టడానికేనా ఈ పీటమీద కూర్చున్నది? ఛీ, ఏం బతుకురా నీది, అని తన్ను తానే తిట్టుకున్నాడు.

నురగ అప్పుడే మెల్లగా కదులుతోంది. తాడు కొద్దిగా వాలు పడుతోంది. సన్యాసి చెంచాను మళ్లీ అడుగుకు వదిలాడు. జానెడు తీశాడు. లేపాడు, దింపాడు, ఊరుకున్నాడు. చలేసినట్టు ఒక్కసారి వణికించాడు. మళ్లీ ఊరుకున్నాడు. ఈసారి మనసు కూడా ఊరుకుంది.

దెబ్బ గట్టిగానే తగిలింది. మణికట్టు దానంతటదే లేచింది.

కంతలోంచి పైకి రావడానికి ఆ చేప చాలా గొడవ చేసింది. బల్ల అంచుకు రాసుకుని తాడు తెగుతుందేమోనని ఊ సాన్ పరుగెత్తుకొచ్చి దవడ కింద చెయ్యేశాడు. మోచెయ్యంత పండుగొప్ప. ఇద్దరూ రొప్పుతూ దాని పక్కన కూలబడ్డారు. ఊ సాన్ నెమ్మదిగా, "యర్రయ్య ఉంటే సంతోషించేవాడు," అన్నాడు.

*

పైడితల్లి చేపను దీపం దగ్గరికి తెచ్చుకుంది. కత్తిపీట ముందు కూర్చుని, అలవాటు ప్రకారం ముందు నోరు తెరిచింది. బొటనవేలితో పెదవి తిప్పి చూసింది. అక్కడే వేలు ఆపింది.

"అన్నియ్యా, ఇది రెండుసార్లు తగిలింది."

సన్యాసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఇక్కడ గాలం దిగిన గాయం. ఇదేమో గీరుకుపోయింది. ఇదీ పచ్చిదే." ఆమె తలెత్తి అన్నను చూసింది. అతను మొహం తిప్పుకున్నాడు. ఏళ్ల తరబడి యర్రయ్య పట్టిన చేపలు కోసిన మనిషికి ఇంకొకరు విప్పి చెప్పనక్కర్లేదు. ఆమె మళ్లీ ఏమీ అడగకుండా చేప కోసింది, పులుసు పెట్టింది.

మొదటి ముక్క ఆకులో పెట్టి యర్రయ్య పేరున పెరట్లో ఉంచి వచ్చింది. రెండో ముక్క తన కంచంలో వేసుకుంది. అన్నకూ వడ్డించింది. అన్నంలో కలిపి, కళ్లు మూసుకుని, ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది. మైల వదిలింది.

అప్పుడంది, తల వంచుకునే, "పొద్దున్నించి గుమ్మం కాసి కూకున్నాను. నువ్వు ఒట్టి సేతుల్తో రావాలని మొక్కుకున్నాను."

సన్యాసి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వెళ్లొద్దు అనే మాట గొంతుదాకా వచ్చింది. ఇద్దరిలో ఒక్కరైనా దాన్ని పొద్దున అని ఉండాల్సింది. ఇప్పుడు ఆమె నోట్లో నీసు పడింది, ఓడ రేవులో ఉంది, అవతల చిన్నతల్లి ఎదురుచూస్తోంది. చెల్లెలి కళ్లలోంచి కారిన నీళ్లు కంచంలో పడుతున్నాయి. ఆమె తుడుచుకోకుండానే రెండో ముద్ద కలుపుతోంది.

"నెమ్మదిగా తిను అమ్మీ," అన్నాడు సన్యాసి. "ముళ్లు సూసుకో."