మెట్రోలో పత్తి చేను

అమీర్‌పేటలో జావా పాఠాలు చెప్పే విజయేందర్‌కు ఊళ్లో తాతల నాటి చేను ఉంది. అందులో ఏం పండుతుందో, అసలు పండుతుందో లేదో కూడా అతనికి తెలియదు. సర్కారు ఇచ్చే రైతుల పెట్టుబడి సాయం మాత్రం సీజన్ సీజన్‌కూ ఖాతాలో పడుతుంది.

ఆ రోజు కిక్కిరిసిన మెట్రో ఎక్కగానే ఊరి వ్యవసాయాధికారి ఫోన్ చేశాడు.

"పంట రాసుకుందామని మీ చేన్లకొచ్చిన. మీరేడున్నరు?"

సాయం ఆగిపోతుందేమోనని విజయేందర్ తడుముకోకుండా బదులిచ్చాడు.

"నేను సుత చేన్లనే ఉన్న సార్! అవతలి గట్టు మీద. పత్తికి మందు కొడుతున్న."

"గా చప్పుడేంది?"

"మోటరు సార్. చెయ్యి ఊపుతున్న, కనవడ్తున్ననా?"

"ఆఁ, కనవడ్తున్నవు. పత్తి మస్తు ఏపుగున్నది."

తాను అప్పుడే పుట్టించిన పత్తి అంతలోనే ఏపుగా ఎదిగినందుకు విజయేందర్ మురిసిపోయాడు.

"తదుపరి స్టేషన్ పంజాగుట్ట," అంది పైనున్న స్పీకరు. అదే మాట ఫోన్లోనూ వినిపించింది.

విజయేందర్ తలెత్తి చుట్టూ చూశాడు. ఇంతలో చెవికి ఫోన్ ఆనించుకున్న మనిషొకడు జనాన్ని తోసుకుంటూ తలుపు దగ్గరికొచ్చి, విజయేందర్ భుజం తట్టాడు.

"జర జరుగన్నా, మన చేనొచ్చింది."