క్యాలెండరు చాటున తాకట్టు పలక

నేను ఒక ఇనుప రేకు పలకను. విజయనగరంలో గంటస్తంభం సమీపాన బోర్డులు వ్రాసే చిత్రకారుడొకడు నాకు నీలిరంగు పూసి, అది ఆరిన పిదప తెల్లని అక్షరాలు దిద్దినాడు. పైన ఇంగ్లీషు, క్రింద తెలుగు. "ఈ దుకాణములోని సమస్త సరుకు బ్యాంకు వారికి హామీగా ఉంచబడినది." వాక్యంలో దోషం లేదు, అక్షరంలో వంకర లేదు. లోకంలో బోర్డు వ్రాయించేవాడెవడైనా పదిమంది చదవాలని వ్రాయిస్తాడు. నా యజమాని నన్ను గోడకు కొట్టి, ఆ సాయంత్రమే లక్ష్మీదేవి బొమ్మ ఉన్న పెద్ద క్యాలెండరు తెచ్చి నా ముఖం మీద వ్రేలాడదీసినాడు.

ఆయన పేరు పొట్నూరు వీరభద్రం. ఇత్తడి, రాగి పాత్రల వర్తకుడు. స్టీలు వచ్చి ఇత్తడిని అటకెక్కించినా, పెళ్లి అనగానే ఊరివారికి బిందెలు, గంగాళాలు జ్ఞాపకం వస్తాయి. మాఘమాసపు ముహూర్తాలకు ముందే సరుకు నింపుకోవాలి. రాబడి పెళ్లిళ్లు గడిచిన తరువాతగాని చేతికి అందదు. ఆ నడుమ కాలం గట్టెక్కడానికి ఆయన తన కరెంటు ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరును ఆశ్రయించాడు. మేనేజరు చెప్పిన మాటలను తరువాత గుమాస్తాకు పూసగ్రుచ్చినట్లు అప్పజెప్పగా, క్యాలెండరు వెనుకనుంచి విన్నాను.

ఖాతాలో నిలువ లేని వేళ చెక్కు వస్తే వాపసు పోతుంది, దానికి రుసుము ఒకటి, బజారులో మాట పోవడం మరొకటి. మేనేజరు దయతలచి నాలుగు రోజులపాటు అధికంగా వాడుకోనివ్వవచ్చు గాని, ఆ దయకు వడ్డీ హెచ్చు, పైగా అది ప్రతిసారీ దొరికేది కాదు. అలా అధికంగా వాడుకునే ఓవర్‌డ్రాఫ్టు స్థిరంగా కావాలంటే రెండు మార్గాలు. ఫిక్సెడ్ డిపాజిట్టు ఉంటే దానిమీద పరిమితి ఇస్తారు. వడ్డీ తక్కువ, తనిఖీలు లేవు, బోర్డులు లేవు. లేదా దుకాణంలోని సరుకుమీద ఇస్తారు. నెలనెలా సరుకు లెక్క చెప్పుకోవాలి, సరుకు తగ్గితే పరిమితీ తగ్గుతుంది, అధికారి వచ్చి చూసుకుంటాడు, గోడకు నావంటివాడు వ్రేలాడాలి. ఏ మార్గమైనా వాడుకున్నంతకే, వాడుకున్నన్నాళ్లకే వడ్డీ.

డిపాజిట్టు ఉన్నది. అది ఆయన భార్య కనకరత్నమ్మ పేర ఉన్నది, ఆమె పుట్టింటివారు ఇచ్చిన కొబ్బరితోట అమ్మగా వచ్చినది. దానిమీద అప్పు తేవాలంటే ఆమె సంతకం చేయాలి. సంతకం చేయాలంటే అంగడి కుంటుతున్నదని ఆమెకు చెప్పాలి. ఇరవయ్యేళ్లుగా "అంతా బాగానే ఉంది" అన్న నోటితో ఆ మాట అనలేక, వీరభద్రం సరుకు మార్గమే పట్టినాడు. మనుష్యుల తర్కం ఇటువంటిది. ఇంట్లో ఒక్క మనిషికి తెలియరాదని, వీధి వీధంతా చదవదగిన నన్ను కొనితెచ్చుకున్నాడు.

అది మొదలు నాకు చీకటే. ముందు లక్ష్మి, వెనుక సున్నపు గోడ, నాలుగు మూలలా నాలుగు మేకులు. తనిఖీ ఉన్ననాడు బ్యాంకునుంచి ముందుగా ఫోను వచ్చేది, గుమాస్తా క్యాలెండరు దించేవాడు, నేను గడియసేపు వెలుతురు చూచేవాడిని. అధికారి వీధి మలుపు తిరిగేలోగా లక్ష్మి తిరిగి వచ్చేది. నావలెనే వీరభద్రమూ ఇరుక్కున్నాడని క్రమంగా గ్రహించాను. నేను బయటపడితే టోకు వర్తకులు అరువు ఆపుతారు. నేను క్యాలెండరు చాటున ఉన్నట్టు తెలిస్తే బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు ఆపుతుంది.

ఆ ఏడాది మూఢం వచ్చి ముహూర్తాలు తగ్గినవి. తెచ్చిన సొమ్ము పాత బాకీలకు పోయి, కొత్త సరుకు రాలేదు. అలమరలు పలచబడినవి. మా అంగడిలో ఒక ఆచారం ఉన్నది. ఊరివారు పాత పాత్రలు తెచ్చి కళాయికని, మెరుగుకని ఇచ్చిపోతారు, పండుగకో శుభకార్యానికో పట్టుకుపోతారు. అవి వెనుక గదిలో ఉండవలసినవి. వీరభద్రం వాటిని మెరుగు పెట్టించి ముందు అలమరలలో అమర్చసాగాడు. చూచేవారికి అంగడి నిండుగా కనిపించింది. బ్యాంకుకు చెప్పిన లెక్కలోనూ నిండుగానే కనిపించింది.

ఒకనాటి ఉదయం ఫోను రాలేదు. కొత్తగా వచ్చిన ఫీల్డు ఆఫీసరు త్రినాథరావు తిన్నగా లోపలికి వచ్చాడు. పలక ఏదని అడిగాడు. గుమాస్తా తడబడుతుంటే తానే క్యాలెండరు ప్రక్కకు జరిపి, నన్ను చదివి, "లక్ష్మీదేవిని అడ్డం పెట్టారేమండీ భద్రంగారూ, ఆవిడ మీద కూడా అప్పు తెచ్చారా" అని నవ్వాడు. ఆఫీసరు అలమర అలమరకూ తిరిగి సరుకు వ్రాసుకుంటూ, ఒక పెద్ద రాగి గంగాళం దగ్గర ఆగి దానినీ వ్రాసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పైడమ్మ వచ్చింది. వృద్ధురాలు, కళాయికి ఇచ్చిన పాత్రకోసం వచ్చింది. మనుమరాలి సీమంతం మర్నాడేనట, ఆ గంగాళంలోనే తన అత్తగారి కాలంనుంచి నీళ్లు కాచి పోస్తున్నారట. కళాయి ఇంకా పూర్తి కాలేదనీ, ఎల్లుండి రమ్మనీ వీరభద్రం గొణిగాడు. ఆమె అలమరలో తళతళలాడుతున్న గంగాళాన్ని చూచింది. తరువాత నన్ను చూచింది. అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివింది. ఇన్నేళ్లలో నన్ను మనసుపెట్టి చదివిన మొదటి మనిషి ఆమె.

"అయితే నా గంగాళం కూడా బ్యాంకోలదేనేటి సావుకారూ?"

ఔనంటే ఆమె సొత్తు పోతుంది. కాదంటే ఆయన అబద్ధం బయటపడుతుంది. నేను చెప్పగలిగినది ఒక్కటే వాక్యం, అదీ ఆయనకు వ్యతిరేకంగా. వీరభద్రం పీట వేసుకొని, గంగాళం దించి, కండువాతో తుడిచి ఆమె చేతికి ఇచ్చాడు.

"కాదమ్మా, మీదే. తీసుకెళ్లండి."

ఆఫీసరు కలం మూయలేదు. "ఇంకా ఏవి మీవి కావు?" అని నిదానంగా అడిగాడు. వీరభద్రం ఒక్కొక్క పాత్రనే దించి నేలమీద పెట్టసాగాడు. అలమరలు ఖాళీ అయి గోడ కనిపించింది. మిగిలిన సరుకు, అప్పటికే వాడుకున్న సొమ్ముకు చాలదని తేలింది. తప్పు లెక్క ఇచ్చినందుకు కాగితం పై ఆఫీసుకు పంపక తప్పదనీ, నెలాఖరులోగా లోటు పూడ్చితే మేనేజరు మాట సాయం చేస్తారనీ, ఇంట్లో డిపాజిట్టువంటిది ఏమైనా ఉంటే ఇదే సమయమనీ చెప్పి ఆఫీసరు వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం కనకరత్నమ్మ అంగడికి వచ్చింది. ఆయన ఇంటికి పోయి ఎలా చెప్పాడో నేనెరుగను. ఆమె ఖాళీ అలమరలు చూచింది, నన్ను చూచింది.

"ఊరికి చెప్పడానికి రేకు కొన్నారు. నాకు చెప్పడానికి నోరుందిగా, అది ఖర్చు లేనిదేగా" అన్నది.

ఆమె తిన్నగా బ్యాంకుకు వెళ్లి, తన డిపాజిట్టు హామీగా పెట్టి సంతకం చేసి వచ్చింది. సరుకు విడుదలయినది. నన్ను ఊడబీకిన గుమాస్తా పాత ఇనుములో వేయబోతే ఆమె అడ్డుకొని, వంటింటి కిటికీ రెక్క ఊడిపోయిందని నన్ను ఇంటికి తెప్పించింది. మేకులు కొట్టేవాడు అక్షరాలు వీధివైపు పెట్టబోయాడు. లోపలికి త్రిప్పమన్నది.

ఇప్పుడు నేనిక్కడ ఉన్నాను, మళ్లీ నాలుగు మేకులమీద. నేను చెప్పే వాక్యం నేడు సత్యం కాదు. సరుకు స్వేచ్ఛగా ఉన్నది, బందీ అయినది ఆమె డిపాజిట్టు, దానికి ఏ గోడమీదా పలక లేదు. వీరభద్రం పూటపూటా నాకెదురుగానే భోజనానికి కూర్చుంటాడు. ఆమె నెయ్యి వడ్డిస్తూ, "ఇవాళ ఎంత వాడారు?" అని అడుగుతుంది. ఆయన ముద్ద ఆపి, ఉన్న సంగతి చెబుతాడు.