మడిచి కుట్టిన దూరం

పొద్దున్నే షట్టరెత్తి దర్జీ అమ్మ మెషిన్‌కి నూనె వేసింది. గుండీలు కుట్టే ఆవిడ, పిల్లలందరికీ గుండీలత్త, వచ్చి తన పీట లాక్కుంది. ప్యాంట్లు పొట్టి చేయాలన్నా, చొక్కాలు వదులు చేయాలన్నా, దూరాలు తగ్గించాలన్నా వీధంతా ఆ కొట్టుకే వచ్చేది. దూరానికైతే ప్రయాణం చేసే మనిషి కొలతలు కావాలి. ఒకరికి కుట్టిన దారి ఇంకొకరికి పనికిరాదు.

కూతురు కాపురముండే నగరం విమానంలో నాలుగు గంటల దూరం. పెళ్లప్పుడు అమ్మ ఆ దారిని మడిచి మడిచి ముప్పావుగంటకి తెచ్చింది. పిల్ల తలుచుకోగానే రావాలని. మురిపెంలో అల్లుడి కొలతలూ కలిపి కుట్టేసింది.

"అతనికి వేరేగా కుట్టకపోయావా వదినా?" అంది గుండీలత్త అప్పుడే.

"ఆలుమగలకి వేరేంటి వదినా!" అని నవ్వేసింది అమ్మ.

ఆ నవ్వే ఇప్పుడు గొంతులో ముల్లు. పిల్ల ఎప్పుడొచ్చినా చెంప కమిలి ఉండేది. ఆ కమిలిన చోటు రంగు మారకముందే, పిల్ల నోరు విప్పకముందే, అల్లుడు పూలతో దిగేవాడు. "పొరపాటైపోయింది అత్తయ్యగారూ." పూల మీద తడైనా ఆరేది కాదు. పిల్ల కళ్లు తుడుచుకుంటూ వెంట వెళ్లిపోయేది.

నిన్న మళ్లీ వచ్చింది. ఈసారి చెంపతోపాటు పెదవి కూడా చిట్లింది. కొట్టు వెనకాల గుడ్డతానుల మీద ముడుచుకు కూర్చుంది.

ఫోన్ మోగింది.

"ఆయన విమానం ఎక్కుతున్నారటమ్మా. వెళ్తాలే, మళ్లీ గొడవెందుకు?" కూతురు చెప్పులు వెతుక్కుంది.

అమ్మ బీరువాలోంచి ఆ దారి కుట్టిన గుడ్డ తీసింది. బ్లేడు తీసింది.

"విమానంలో మిగతావాళ్ల సంగతో?" అంది గుండీలత్త.

"వాళ్ల కొలతలు దీంట్లో లేవుగా."

"పిల్లవి ఉన్నాయి కదా. రేపు నువ్వు మంచాన పడితే గబుక్కున రాలేదు."

అమ్మ కూతురి వైపు తిరిగింది. "విప్పమంటావా? విప్పాక వెళ్లావంటే మళ్లీ రావడం కష్టం మరి."

కూతురు చెప్పు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. "ఏమోనమ్మా. నన్ను ఆలోచించుకోనిచ్చిందెవరు?"

"ఆలోచించుకో," అంది అమ్మ. మొదటి కుట్టు తెంపింది.

మడతలన్నీ విప్పింది. లోపల వదిలిన గుడ్డంతా లాగింది.

"చాలదు," అంటూ గుండీలత్త తన ఒళ్లో ఉన్న గుడ్డ కూడా అందించింది. అదీ అతికించింది అమ్మ.

విమానం వేళకే దిగింది. అందరూ దిగారు. "మీ అల్లుడుగారు ఇంకా దారిలో ఉన్నారండీ," అని విమానాశ్రయం వాళ్లు ఫోన్ చేసి చెప్పారు. పెట్టె ఆలస్యమైతే చెప్పినట్టే.

చెంప మీది నలుపు పచ్చబడింది, పసుపయ్యింది, పోయింది. పిల్ల ఏడ్చింది. నిద్రపోయింది. చాలా నిద్రపోయింది. తర్వాత ఒకరోజు అడక్కుండానే మెషిన్ ముందు కూర్చుంది. పైన విమానం చప్పుడైనప్పుడల్లా అమ్మ సూది ఆగేది. పిల్ల కాలు మాత్రం, రానురాను, ఆగడం మానేసింది.

వాన పడుతున్న ఓ మధ్యాహ్నం అతనొచ్చాడు. గడ్డం పెరిగింది. చేతిలో ఎండిన కాడలున్నాయి, పూలు లేవు.

"పొరపాటైపోయింది..."

కూతురు అతన్ని ఎగాదిగా చూసింది. మెడలోంచి టేపు తీసింది.

"నిటారుగా నిలబడండి. తిరుగు దారికి కొలతలు కావాలి. ఈసారి మీ ఒక్కరివే."

"పొట్టి చేయాలా అమ్మాయ్?" అంది గుండీలత్త.

"అక్కర్లేదత్తా. ఉన్నంతా ఉండనీ."

అమ్మ తలెత్తలేదు. దారం తడిపి, సూదిలోకి ఎక్కించింది.