శుక్రవారం దాకా ఆగిన కీ

గురజాల బస్టాండు పక్కన నేను కత్తులు సాన పడతాను. మాంసం కొట్టే కత్తులు, కొడవళ్ళు, టైలర్ల కత్తెర్లు. నా పక్కనే రేకుల బడ్డీలో నా మనవడు ముజమ్మిల్ సెల్‌ఫోన్లు బాగు చేస్తాడు. వాడికీ, వాడి చెల్లెలు అంజుమ్‌కీ తల్లీ తండ్రీ లేరు. ఆ బడ్డీ మీదే ఇల్లు గడుస్తుంది. చీమ తలంత స్క్రూలు వాడి వేళ్ళ కొసన నిలబడేవి. ఆ వేళ్ళు చూసుకునే నాకు ముసలితనమంటే భయం లేకుండా పోయింది.

ఫణి ఎరువుల కొట్టు రామబ్రహ్మం కొడుకు. వాడూ ముజమ్మిలూ బళ్ళో ఒకే బెంచీ. ఇద్దరికీ కంప్యూటర్లో తుపాకుల ఆటల పిచ్చి.

అమావాస్య నాడు ఫణి ఎగురుకుంటా వచ్చాడు.

"ఒరేయ్ ముజ్జూ, కొట్టాన్రా! కొత్త గేము. గివ్‌అవేలో నా పేరే తగిలింది."

ఫోన్లో ఏదో పేజీవాళ్ళు ఆటని ఉచితంగా పంచుతున్నారంట. పది గ్రూపులకి పంపితే ఒక కీ ఇస్తారంట. కీ అంటే అక్షరాలూ అంకెలూ కలిపిన పొడుగాటి వరస. కంప్యూటర్లో అది కొడితే ఆట తెరుచుకుంటుంది. ఫణికొచ్చిన కీని ముజమ్మిల్ చూశాడు.

"ఇప్పుడే కొట్టెయ్ రా. ఇట్టాంటియి నిలవవు."

"అమావాస్య పూట కొత్తది తెరవగూడదంది నాయనమ్మ. శుక్రవారం పొద్దున బాగుందంట."

"ఆటక్కూడా ముహూర్తమేందిరా?"

"మా ఇంట్లో బోరు స్విచ్చెయ్యాలన్నా ముహూర్తమే. నీకు తెలీదా?"

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. నేను చక్రం తిప్పుకుంటున్నా.

శుక్రవారం వాళ్ళ కొట్టు మేడ మీద కంప్యూటరుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. నాయనమ్మ రమణమ్మ గారు కొబ్బరికాయ కొట్టి హారతిచ్చింది. ఫణి ఊళ్ళో ఫ్రెండ్సందరినీ పిలిచాడు. మాచవరం నుంచి కూడా వచ్చారు. ముజమ్మిల్ కూడా పోయాడు. అక్కడ జరిగింది వాడు అంజుమ్‌కి ఫోన్లో చెబితే నాకు తర్వాత తెలిసింది.

అందరూ చూస్తుండగా ఫణి కీ కొట్టాడు. ఎర్రటి అక్షరాలొచ్చాయి, ఈ కీ ఇంతకు ముందే వాడేశారని. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే.

వేణుమాధవ్ అనే కుర్రాడు, "ఒరేయ్ ఫణీ, మీ నాయనమ్మ రాత్రే ఆడేసినట్టుందిరా!" అన్నాడు.

మేడంతా నవ్వు. అందరికన్నా ముందు నవ్వింది మా వాడే.

మా వైపు తిట్టుని ఓర్చుకుంటారు, నలుగురిలో నవ్వుని ఓర్చుకోరు. ఇంకోటి కూడా ఉంది. మా దగ్గర ఏదీ దానంతటది చెడిపోదు. బోరు పడకపోయినా, మిరప తోటకి తెగులొచ్చినా ఎవడో చేశాడంటారు. ఆ ఎవడో ఎవడని వెతికి ఒక పేరు పెట్టిందాకా నిద్రపోరు.

ముజమ్మిల్ వచ్చి బడ్డీ తెరిచాడో లేదో వెనకే ఫణి వాళ్ళ కారూ రెండు బండ్లూ వచ్చాయి. ఫణి దిగాడు. నుదుట కుంకుమ ఇంకా తడారలేదు. వెనక వేణుమాధవ్, ఇంకొందరు. అప్పటిదాకా నవ్వినోళ్ళే.

"వాడేశారంటే ఏందిరా అర్థం? ఎవడో వాడాడనేగా! నేను వాడలా. నేను కాక చూసింది నువ్వొక్కడివే."

"పిచ్చోడా, అది ఇచ్చినప్పుడే చచ్చిన కీ రా. ఆ పేజీవాళ్ళే దొంగ..."

మాట పూర్తి కాలేదు. ఫణి గుద్దుకి వాడి పెదవి చీలింది. గాజు బల్ల భళ్ళుమంది. బాగు చేయమని ఇచ్చిన ఫోన్లన్నీ రోడ్డు మీద పడితే వాటి మీద ఎక్కి తొక్కారు.

"ఊరోళ్ళ ఫోన్లురా అయ్యి!" అని ముజమ్మిల్ అరుస్తుంటే జుట్టు పట్టుకుని నా దగ్గరికి ఈడ్చుకొచ్చారు. నేను లేవబోయా. వేణుమాధవ్ నా భుజాలు కిందికి నొక్కాడు.

"కూచో తాతా. మధ్యలోకి రామాకు."

నా గోనెపట్టా మీద మాంసం కొట్టు గౌసియా కత్తి ఉంది. అప్పుడే సాన పట్టి పెట్టా. ఫణి దాన్ని తీశాడు. ముజమ్మిల్ కుడి చేతిని నా ముందున్న చెక్క మీద అదిమి పెట్టారు.

"ఏ వేలితో కొట్టావురా నా కీ?"

"అమ్మ మీద ఒట్టు ఫణీ. నేను కొట్టలేదురా."

"ఏ వేలు?"

కత్తి దిగింది. చెక్క మీద టక్కుమంది, అంతే. చూపుడు వేలూ మధ్య వేలూ పట్టా మీద పడ్డాయి. చూపుడు వేలి గోటి కింద ఫోను అద్దాలు అంటించే జిగురు ఉంది. నెత్తురు నా మొహాన చిమ్మింది.

నా ఒళ్ళో ఒక కొడవలుంది. దాంతో వేణుమాధవ్ చెయ్యి కోశా. మోచేతి నుంచి మణికట్టు దాకా విడిపోయింది. వాడు కేకపెట్టి పరిగెత్తాడు, వాడి వెనకే మిగతావాళ్ళు. ఫణి మాత్రం కదల్లేదు. చేతిలో కత్తిని చూస్తా నిలబడ్డాడు. కొడవలి పిడితో మోకాలి చిప్ప మీద కొట్టా. పడ్డాడు. గుండెల మీద కూచుని గౌసియా కత్తి లాక్కుని దవడ కింద పెట్టా.

"తాతా... తాతా..."

నేను నొక్కా. కత్తి కొంచెం దిగింది. సన్నగా నెత్తురొచ్చింది.

అంజుమ్ పరిగెత్తుకుంటా వచ్చింది. చున్నీ చించి అన్న చెయ్యి బిగించి కట్టింది. తర్వాత ఫోను తెచ్చి ఫణి కళ్ళ ముందు పెట్టింది.

"అన్న ఫోన్ చేస్తే ఆ పేజీ తెరిచి చూశా. కింద జనం ఎట్టా తిడుతున్నారో చూడు. వినుకొండోడికి ఇదే కీ, మాచర్లోడికి ఇదే కీ. నీదీ ఇదేగా? చదువు, పైకి చదువు."

ఫణి చదివాడు. ఒక్కో అక్షరానికీ గొంతు కదిలి కత్తికి తగిలింది. సగంలో ఏడుపొచ్చింది.

"ఇదే కీ... ముజ్జూ, ఇదేరా..."

ఆ ఏడుపు చూస్తే నాకు జాలి రాలేదు. ఇంకా కసి పెరిగింది. ఒక్క నొక్కు చాలు.

"తాతా, నా వేళ్ళు," అన్నాడు ముజమ్మిల్.

లేచా. అంజుమ్ సోడా బండి దగ్గర ఐసు తెచ్చి వేళ్ళు కవర్లో కట్టింది. ఫణి కాలరు పట్టుకుని లేపా.

"కారు తియ్యి," అన్నా.

నరసరావుపేట ఆసుపత్రి దాకా కుంటికాలితోనే వాడు తోలాడు. నేను వెనక సీట్లో కూచుని కత్తి వాడి మెడ మీద పెట్టా. పిడుగురాళ్ళ దగ్గర సున్నం లారీలు అడ్డమొచ్చి బ్రేకు వేస్తే మెడ మీద ఇంకో గీత పడింది. వాడు నెత్తురు తుడుచుకోలేదు. హారన్ మీద చెయ్యి తీయలేదు.

"నిద్రపోమాకురా ముజ్జూ," అంటా ఏడుస్తానే ఉన్నాడు.

నా పక్కన అన్నని పట్టుకుని కూచున్న అంజుమే పలికింది.

"ముందు రోడ్డు చూడు."

మధ్య వేలు అతికింది గానీ వంగదు. చూపుడు వేలు అతకలేదు. పోలీసులు ఫణిని తీసుకుపోయారు. వేణుమాధవ్ చెయ్యి కోసినందుకు నన్ను కూడా తీసుకుపోయారు. బెయిలొచ్చాక మళ్ళీ అక్కడే కూచున్నా.

గౌసియా వచ్చింది.

"బాబాయ్, నా కత్తేది?"

"స్టేషన్లో ఉంది."

"సాన పట్టావా?"

"పట్టా."

పక్క బడ్డీలో ముజమ్మిల్ ఎడమ చేత్తో ఫోను విప్పుతున్నాడు. స్క్రూ వేళ్ళలోంచి జారి రోడ్డు మీద పడింది. వాడు వంగాడు. నేను చక్రం ఆపి పోయి వాడి పక్కన మోకాళ్ళ మీద కూచున్నా. గౌసియా కూడా కూచుంది. ముగ్గురం దుమ్ములో వెతుకుతున్నాం.