గొంతులో గొట్టం

స్ట్రెచరు మీద పడుకుని చూస్తే ఆస్పత్రి ఇలా ఉంటుందన్నమాట, పైకప్పు నిండా తెల్ల పలకలు, మధ్యమధ్య లైట్లు, నడిచేటప్పుడు ఎవరు చూస్తారు గనక వీటిని, అదిగో ఆ మూల పలక మీద చెమ్మ మరక అచ్చం నలిగిన టమాటాలా ఉంది, టమాటా అనుకోగానే మార్కెట్టు కళ్ళముందుకొచ్చింది, ఈపాటికి లారీలు ఖాళీ అయి ఉంటాయి, గుట్టల మధ్య నా జాగాలో నాకు పోటీగా వేలం పాడే ఆ బాకాగాడు నిలబడి ఉంటాడు, మైకు లేకపోతే వాడి గొంతు పక్క గుట్ట కూడా దాటదు, అదే నేను వేలంపాట పాడితే గేటు బయట టీ తాగుతున్నవాడు సైతం ఉలిక్కిపడి చెయ్యెత్తుతాడు, ఒకాయన ఆవలించి ఒళ్ళు విరుచుకుంటే ఉల్లిపాయ బస్తాలు అంటగట్టిన గొంతు ఇది, ఇందులోకి ఇవాళ గొట్టం దూరుస్తారట, రాళ్ళేమో పిత్తాశయంలో ఉంటే మధ్యలో గొంతేం పాపం చేసింది డాక్టరమ్మా అని పొద్దున అడిగాను, మత్తిచ్చే డాక్టరమ్మది మా అమ్మాయి వయసే ఉంటుంది, మంచం పక్కన కుర్చీ లాక్కుని ఓపిగ్గా చెప్పింది, మత్తులో మీ ఊపిరి మీరు తీసుకోలేరమ్మా, మేం తీయించాలి, గాలికి దారి కావాలి, మామూలుగా ఈ ఆపరేషన్‌కి గొట్టమే వేస్తాం, అది స్వరతంతువుల మధ్య నుంచి లోపలికి వెళ్తుంది, తర్వాత కొన్నాళ్ళు గొంతు నొప్పి, బొంగురు, ఒక్కోసారి పన్ను విరగడం, ఎక్కడో ఎవరికో ఆ తంతువులే దెబ్బతినడం కూడా ఉంది, దాచడమెందుకు, ఇంకోటి మెత్తటి మాస్కు లాంటిది, గొంతులో పైనే బోర్లించిన గిన్నెలా కూర్చుంటుంది, మీ గొంతే మీ జీవనమంటున్నారు కాబట్టి దాని గురించి ఆలోచిస్తాను, కానీ కడుపులోది పైకి తన్నుకొస్తే అది పూర్తిగా ఆపలేదు, ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ప్రాణం మీదికొస్తుంది, అందుకని నిజం చెప్పండి, మీకు పుల్లటి తేన్పులు, పడుకుంటే నోట్లోకి పుల్లనీళ్ళు రావడం లాంటివి ఉన్నాయా, అంది, పుల్లటి తేన్పులా, నాకా, ఛఛ, అన్నాను రాయిలాంటి మొహంతో, పక్కనే ఉన్న మా ఆయన, టైలరు, నోట్లో గుండుసూదులు పెట్టుకుని బట్ట కుట్టే అలవాటు వల్లనో ఏమో మాట బాగా తక్కువ, అది కాదు డాక్టరుగారూ ఈవిడకీ అని మొదలుపెట్టారు, ఏమండీ మీరుండండి అన్నాను, ఉన్నారు, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉంటూనే ఉన్నారు పాపం.

ఆపరేషన్ గది తలుపులు తెరుచుకున్నాయి, లోపల ఐసు ఫ్యాక్టరీలా చలి, ఆకుపచ్చ గుడ్డల్లో మనుషులు, అందరి మూతులకీ గుడ్డలే, కళ్ళు తప్ప ఏమీ కనబడవు, ఇక్కడ వేలం పెడితే ఎవరు పాడారో తెలిసి చావదు, సన్నటి బల్ల మీదికి జరపగానే నర్సు దిండు సర్దింది, ఒకటే దిండు, అదీ అప్పడమంత పల్చటిది, అమ్మా నాకు రెండు ఎత్తు దిండ్లు లేనిదే అనబోయి నాలిక కరుచుకున్నాను, రెండు దిండ్లెందుకని అడిగితే ఏం చెప్పను, ఎందుకో నాకు తెలుసు, మా ఆయనకు తెలుసు, వెల్లకిలా పడుకుని నాలుగు ఊపిర్లు తీశానో లేదో కడుపులోంచి ఆ దిక్కుమాలిన పులుపు మెల్లగా మెట్లెక్కుతోంది, రాకే తల్లీ, ఇప్పుడు రాకే, రేపొచ్చినా నిన్నేమీ అనను, మింగాను, మళ్ళీ ఎక్కింది, ప్రాణం మీదికొస్తుంది అన్న మాట చెవిలో మోగింది, గొంతు పోతే బాకాగాడు నా జాగాలో ఉంటాడు, నేనే పోతే కూడా వాడే ఉంటాడు, పైగా నా ఫొటోకి దండ వేసి మైకులో నాలుగు ముక్కలు మాట్లాడతాడు వెధవ, ఆ ఊహ రాగానే ఒళ్ళు మండింది, అంతలో అడక్కుండానే ఒక తేన్పు వచ్చింది, మామూలుది కాదు, నా గొంతుకి తగ్గ తేన్పు, గది గదంతా నావైపు తిరిగింది, డాక్టరమ్మా అబద్ధం చెప్పాను, రోజూ వస్తుంది, రెండు దిండ్లు లేనిదే పడుకోలేను, అని గబగబా కక్కేశాను, మాటల్నే, అదృష్టవశాత్తూ, ఆవిడ కళ్ళు నవ్వాయి, ఇప్పుడు చెప్పారు, బతికించారు, గొట్టమే వేస్తానమ్మా, కాస్త సన్నటిదే చూసి, జాగ్రత్తగా, మరి నా గొంతూ, అన్నాను, ఊపిరితిత్తులు లేకుండా వేలం పాడలేరు కదా, అంది, తల వైపు ఎత్తు చేశారు, ముక్కు మీద ఏదో పెట్టి గాలి పీల్చండి అన్నారు, చేతిలోకి చల్లగా మందు పాకింది, భయం తీరాలంటే తెలిసిన పని చెయ్యాలి, లోపల్లోపల పాట అందుకున్నాను, ఒకటోసారీ, రెండోసారీ, మూడో

గొంతంతా గరుకు కాగితంతో రుద్దినట్టు, అయిపోయిందమ్మా బాగా జరిగింది కళ్ళు తెరవండి అని ఎవరో పిలుస్తున్నారు, నీళ్ళు అన్నాను, అన్నాననుకున్నాను, బయటికొచ్చింది మాత్రం తుప్పుపట్టిన గేటు చప్పుడు, డాక్టరమ్మ వచ్చి నోట్లో లైటు వేసి చూసి, కంగారు పడకండి, వాపు, తగ్గుతుంది, నేను చెప్పేదాకా ఒక్క మాట వద్దు, గుసగుస కూడా వద్దు, అని మా ఆయనకి అప్పజెప్పి వెళ్ళింది, ఆయన మంచం పక్కన కూర్చుని, ఇదుగో, కాంటీన్లో ఆ టీ ఉంది చూశావూ, అని ఆగారు, అలవాటు ప్రకారం, ఆ చోట నేను అందుకోవాలి, అందుకోలేదు, ఆయన నన్ను చూశారు, అటూ ఇటూ చూశారు, చన్నీళ్ళలో కాలు పెట్టి చూసేవాడిలా ఇంకో మాట వేశారు, ఏమీ కాలేదు, ఇంకోటి వేశారు, అంతే, టీలో చక్కెర గురించి, నన్ను చూడ్డానికొచ్చిన ఆడపడుచు జాకెట్టు చేతులు ఎవడో ఎలా చెడగొట్టాడన్నదాని గురించి, మా పెళ్ళిలో తప్పిపోయిన తన చెప్పు నిజంగా ఎవరు వేసుకెళ్ళారన్నదాని గురించి, చేతులు తిప్పుతూ, మా మేనమామ నడక నడిచి చూపిస్తూ, పక్క మంచం ముసలావిడ కుట్లు పట్టుకుని నవ్వుతోంది, అయ్యా నవ్వించకు చస్తాను, అంటోంది, నేనూ కుట్లు పట్టుకున్నాను, ఎవరీయన, మధ్యలో మామూలుగానే అన్నారు, నీ తేన్పుల సంగతి నేను పొద్దునే డాక్టరమ్మ వెనకాల పరిగెత్తి చెప్పేశాలే, నువ్వు తిడతావని నీకు చెప్పలేదు, డాక్టరమ్మ అంది, గొట్టమే సిద్ధం చేస్తాను, అయినా మీ ఆవిడ నోటితోనే చెప్పించడానికి ఇంకోసారి అడుగుతాను, అని, అవునా, అందుకేనా ఆవిడ కళ్ళు అలా నవ్వాయి, ముంచుకొచ్చిన తిట్టు గొంతులో వాపు దగ్గరే ఆగిపోయింది, కళ్ళలోంచి మాత్రం నీళ్ళొచ్చాయి, నొప్పా, అన్నారు ఆయన, తల అడ్డంగా ఊపాను.

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ వచ్చింది, ఏదీ, ఇప్పుడు నెమ్మదిగా ఏదైనా మాట్లాడండమ్మా, అంది, ఆయన సరిగ్గా అప్పుడే మా మామగారు కొత్త కుట్టుమిషను తెచ్చి సూదెక్కడుందో తెలియక దాన్ని తిట్టిన కథ మధ్యలో ఉన్నారు, నన్ను చూసి టక్కున ఆపేశారు, మొహం మళ్ళీ పాత మొహమైపోయింది, పెదాలు గుండుసూదులు పట్టుకున్నట్టు బిగుసుకున్నాయి, నాకు ఏదోలా అయింది, ఇన్నేళ్ళూ నేను మాట రాని మనిషితో కాపురం చేస్తున్నాననుకున్నాను, ఈయనకి మాట రాకపోవడమేమిటి, సందు దొరకలేదు, నా ప్రాణం మీదికొచ్చిన రోజు మాత్రం దొరకని సందులోంచి దూరి పరిగెత్తి వెళ్ళి చెప్పొచ్చారు, డాక్టరమ్మ ఎదురుచూస్తోంది, గొంతు సవరించుకున్నాను, కాస్త జీరగా, చిన్నగా, కానీ నా గొంతే, వచ్చింది, ఊఁ, తర్వాతేమైందండీ, అన్నాను.